నలభై మూడో నంబరు

జూలై నెల. కంచరపాలెం మెట్ట మీద మా బడి.
గేటుకి సగం తాళం.
సగం జీతానికి సగం తాళమేనమ్మా అంటాడు
వాచ్‌మన్ ఎర్రయ్య, నవ్వకుండా.

నేను ఆఫీసులో ఫీజుల గుమస్తాని.
నా బల్ల మీద ల్యాండ్‌లైను, శానిటైజరు,
ఎర్ర సిరాతో అరవై ఒక్క పేర్ల జాబితా.
బల్ల కింద పాత దుప్పటి, నీళ్ల సీసా, జంతికల డబ్బా,
నా సెల్‌ఫోన్లో క్లాసు వింటూ మా ధీరజ్,
రెండో తరగతి, బి సెక్షను.

వాణ్ణి వదలడానికి ఇంకో చోటు లేదు.
మార్చిదాకా పక్కింటి సన్యాసమ్మ గారు చూసేవారు.
ఇప్పుడు కిటికీ రెక్క ఓరగా తీసి
"ఏటనుకోకమ్మా, మా ముసలాయనకి సుగరు" అన్నారు.
అనుకోడానికేముంది.
మా అమ్మ బొబ్బిలిలో ఉంది, బస్సులు లేవు.
ఈయనకి పోర్టులో క్రేను మీద రాత్రి డ్యూటీ;
తెల్లారి వచ్చి మేడ మీద
నీళ్ల ట్యాంకు నీడలో విడిగా పడుకుంటారు.
వాడు మెట్ల మలుపులో నిలబడి నాన్నని చూస్తాడు
జూలో పులిని చూసినట్టు.

పై అంతస్తులో లెక్కల మేష్టారు
ఖాళీ బెంచీల వైపు అలవాటుగా వేలు చూపించి
"నువ్వు చెప్పరా" అంటూంటారు.
సైన్సు కుసుమకుమారి కెమెరాని మెడదాకా ఆపుకుని
ఒళ్లో చంటిదానికి పాలిస్తూ
ఆకులు అన్నం ఎలా వండుకుంటాయో చెబుతుంది.
మొన్న ఆ పిల్ల త్రేన్చిన త్రేన్పు
ముప్పై ఎనిమిది ఇళ్లలో వినిపించింది.
ఎవరూ నవ్వలేదట. అందరికీ మ్యూటు.

వాళ్లది చెప్పే ఉద్యోగం. నాది అడిగేది.

"నమస్తే అండీ, స్కూలు నుంచి" అనగానే
అవతల గొంతు సర్దుకుంటుంది.
ఒకాయన ఆటో అమ్మేశానన్నాడు,
ఎంతకి పోయిందో కూడా చెప్పాడు.
హార్బరులో ఎండుచేపలమ్మే ఆవిడ
"తియ్యని బడికి డబ్బులేటమ్మా" అంది.
నాకూ అదే అనిపించింది.
అలాగేనండీ, పైవాళ్లకి చెబుతానన్నాను.
నా పైన ఉన్నది ఫ్యాను.

ముప్పై ఆరో నంబరుకి ఆడపిల్ల పలికింది.
నాన్నగారున్నారా అమ్మా?
లేరండీ.
ఎప్పుడొస్తారు అని అడిగేశాను.
చాలాసేపు ఎవరమూ ఫోను పెట్టలేదు.
ఆ పేరు పక్కన ఏం రాయాలో తెలీక
పెన్ను మొన ఆనించి ఉంచాను. చుక్క పెద్దదైంది.

నలభై మూడు.
దాటేద్దునేమో. గాజు తలుపు వెనక ప్రిన్సిపాల్ మేడం.
తిప్పాను, చూడకుండా వచ్చే నంబరే.
బల్ల కింద ఫోను మోగింది.
క్లాసు తెగిపోయినట్టుంది, వాడు చిన్నగా విసుక్కున్నాడు,
తర్వాత నేను నేర్పినట్టే, బుద్ధిగా,
"హలో. అమ్మ ఆఫీసులో ఉంది. నాన్న నిద్రపోతున్నారు.
మీరెవరు?"

మాట రెండుసార్లు వచ్చింది నాకు:
మోకాళ్ల దగ్గర నుంచి ఒకసారి,
ఊరంతా తిరిగి రిసీవర్లోంచి ఒకసారి.
రెంటి మధ్య కొంచెం జాగా ఉంది.
అందులో నిలబడి
స్కూలు నుంచి, అన్నాను.

వాడికి నా గొంతు తెలిసిందో లేదో. ఆటనుకున్నాడో.
"మరి నా కిటికీ పక్క బెంచీలో
ఊదారంగు క్రేయాను ఉండిపోయిందండీ.
ఎవరూ తీసుకోకుండా చూస్తారా?"

అలాగేనండీ.
పైవాళ్లకి చెబుతాను.

వివరాల గడిలో, నా చేత్తోనే,
'వచ్చే నెల కడతామన్నారు' అని రాశాను.
షిప్‌యార్డు సైరను కూసింది.
ఉప్పుగాలికి జాబితా అంచులు మెత్తబడి చేతికి అంటుకుంటున్నాయి.

నలభై నాలుగు. రింగవుతోంది.
బల్ల కింద వాడు క్లాసు మానేసి
నా కాలి బొటనవేలి గోరు మీద పెన్నుతో
కళ్లో, ముక్కో ఏదో గీస్తున్నాడు.
చక్కిలిగింత.
కదిలితే గీత చెడుతుందని
అలాగే ఉన్నాను.

"నమస్తే అండీ."