చిల్లర

సఖినేటిపల్లి రేవులో ఏడున్నర పంటు.
మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల ఆటో, రెండు మేకలు,
రొయ్యల షెడ్డుకెళ్లే ఆడవాళ్లు పద్నాలుగు మంది,
నర్సాపురం సబ్ ట్రెజరీలో గుమాస్తాని, నేను.
చేతిలో నిన్నటి బడ్జెట్ మోసుకొచ్చిన పేపరు.

"మా గురించి ఏటి రాసేరండి?"
అడిగింది నల్లి కృపావతి,
ఐసు కొరికి తెల్లబడ్డ వేళ్లతో
పేపరు అంచు పట్టుకుని.

వంతెన రాశారని చూపించాను.
ఏటేటా రాస్తారు.
ఆ వంతెన మీంచి వశిష్ఠని
కాగితాల్లో ఎన్నిసార్లు దాటామో!
పింఛన్లు కూడా రాశారు.

"కట్టేది మేం, తినేది వీళ్లు"
బండి దిగకుండానే అన్నారు చెరువుల విస్సురాజు గారు.
"నిజవేనండి, మేం పన్ను కట్టం గదా"
తప్పు ఒప్పుకున్నట్టు తల దించుకుంది కృపావతి.

చేతికి అలవాటు. పెన్ను తీశాను.
పేపరు అంచున, మంత్రిగారి చెవి పక్కన ఖాళీలో
బట్టల సబ్బు, టీ పొడి, ఫోను రీచార్జి,
మోకాళ్లకి రాసుకునే మందు,
బిస్కెట్ పొట్లం, అగ్గిపెట్టె.
"ప్రకాశం రోజూ తాగేది క్వార్టరేనా?"
"ఒకోరోజు రెండండి."
అక్కడ లెక్క లేచింది,
అమావాస్య పోటుకి ఏరు లేచినట్టు.
ఆ సీసాలో సరుకు తక్కువ,
సర్కారు ఎక్కువ.

నెలంతా కూడితే
వాళ్లత్త దీనమ్మ పింఛనుకి
అటూ ఇటూగా తూగింది.
ఇక్కడి నోటే రాజధానికెళ్లి
తలంటుకుని, బొట్టు పెట్టుకుని,
ఒకటో తారీఖున దానంలా తిరిగొస్తోంది.

కాసేపు ఇంజను చప్పుడు.
"ఓలమ్మో, అయితే మా అత్తకి పింఛనిత్తంది
నా మొగుడాండీ!"
పద్నాలుగు మందీ నవ్వారు. మేకలు బెదిరాయి.
నవ్వు పూర్తిగా ఆరకముందే
మళ్లీ నా వైపు తిరిగింది.
"మరి ఆడు తాగుడు మానేత్తే
పింఛనాగిపోద్దాండి?"

ముప్పై ఏళ్ల సర్వీసులో
ఏ ఆడిట్ పార్టీ అడగలేదు నన్ను ఈ ప్రశ్న.

రాత్రంతా విస్సురాజు గారి చెరువుల్లో
చక్రాలు తిరుగుతుంటాయి.
రొయ్య ఊపిరాడ్డానికి కరెంటు రాయితీ.
ఆయనది వ్యవసాయం, ఆదాయం లెక్కకి రాదు.
ఆ చెరువుల ఉప్పు ఊరిన కృపావతి వీధి బోరు మాత్రం
వ్యవసాయమూ కాదు, వ్యాపారమూ కాదు,
ఏ పద్దులోనూ లేదు.
మంచినీళ్ల టిన్ను ఇరవై రూపాయలు.

నేనూ తక్కువేం కాదు.
మార్చి ముప్పై ఒకటి రాత్రి, పదకొండున్నరకి,
రోడ్డు కాంట్రాక్టరు బిల్లు పాస్ చేసింది ఈ చెయ్యే.
కృపావతి ఆడపడుచు బడిలో వండిన అన్నం బిల్లు
నాలుగు నెలలుగా నా బల్ల మీదే ఉంది,
"నిధులు విడుదల కాలేదు" అన్న ముద్రతో,
గాజు పేపర్‌వెయిట్ కింద.
పిల్లలు అరిగించుకున్నారు ఆ అన్నం,
మాకే ఇంకా అరగలేదు.

ఇది చెప్పలేదు ఆమెతో.
పేపరు మడిచి, నీళ్ల వైపు చూశాను.

టికెట్ కుర్రాడొచ్చాడు. ఇరవై ఇచ్చింది.
రెండ్రూపాయల చిల్లర లేదని
రెండు చాక్లెట్లు పెట్టాడు చేతిలో.
"దీని మీద కూడా ఉంటదాండి పన్ను?"
ఉంటుందన్నాను.

పంటు గట్టుకి ఇంకా ఆనలేదు.
ఎనిమిది దాటితే షెడ్డులో పావురోజు కోత,
చీర కుచ్చెళ్లు ఎగదోపి
మోకాలి లోతు నీళ్లలోకి దిగిపోతూ
ఒక చాక్లెట్ నోట్లో వేసుకుంది.
రెండోది నా చొక్కా జేబులో పడేసింది.

"ఉంచండి, మీ వాటా."