నాగలి నిశాని

మా ఇంట్లో ఒక మాట
అరిగిన రూపాయిలా చేతులు మారుతా వచ్చింది:
పెద్ద సుంకిరెడ్డి కలం పట్టినాడంటే
జమ్మలమడుగు కచ్చేరి లేచి నిలబడేదని.
కలం వెండిదని మా జేజి.
కాదు, నెమలీకని మా పెదనాయన.
దీని మీదనే తల్లీకొడుకులు
ఒక వానాకాలమంతా మాట్లాడుకోలేదు.

కడపలో, చెదల మందు వాసన కొట్టే గదిలో
గుమాస్తా ఒక కట్ట తెచ్చి నా ముందర పడేసినాడు.
పురికొస విప్పితే తాలూకా బోర్డు మీటింగులు,
తారణ నుంచి వికృతి దాకా.
హాజరైన వాళ్లు, కింద సంతకాలు.
ఇంగ్లీషులో రెండు. మోడిలో ఒకటి,
తేలు పాకినట్టు.
తొమ్మిదో వరసలో
సంతకం లేదు.
నాగలి ఉంది.

చిన్న నాగలి. మేడి, దుంప, కర్రు.
మూడే గీతలు, కర్రు కాడ సిరా కొంచెం పొంగింది
తడి రేగడిలో దిగినట్టు.
పక్కన ఇంకెవరిదో చేతిరాత:
"ఎర్రొంక సుంకిరెడ్డి నిశాని."

పుటలు తిప్పినా.
నాగలి. నాగలి. నాగలి.
కొన్నిచోట్ల తొందరలో తలకిందులు.

అన్నేండ్లలో ఆయన నోరు తెరిచింది నాలుగు తూర్లు.
వంక మీద మోరీ కావల్ల, ఆరు బండ్ల పత్తి తడిసింది.
వాయిదా.
వంక మీద మోరీ.
డబ్బు లేదు.
వంక మీద మోరీ, ఈసారి మంత్రసాని ఆవలి గట్టునే నిలబడిపోయింది.
సరే, బండలు ఊరోళ్లే తోలుకుంటే.
తోలుకున్నారు, నలభై బండ్లు, కూలి లేకుండా.

నాలుగో తూరి ఆయన అడిగింది బడి.
అధ్యక్షుల వారు నవ్వినట్టు పుటలో లేదు గానీ
"సభ్యుడు తానే చదవనేరడు" అని
ఎవరో అంచులో రాసి, కొట్టేసినారు.
కొట్టేసిన మాట ఇప్పటికీ చదవొచ్చు.

ఎందుకు అడిగినాడో
కట్ట అడుగున దొరికింది.
ఆ కట్టది కాని కాగితం, ఈశ్వర సంవత్సరం నాటిది.
ధాత కరువు ఊళ్లను ఊళ్లు మింగుతా ఉన్నప్పుడు
గంజి కేంద్రం లెక్క:
ఆ దినం తాగినోళ్లు మున్నూటా పన్నెండు మంది.
కింద విచారణ అధికారి మాట:
తొట్లు రెండే. గంజి ముప్పై మందికి సరి.
మిగిలిన జొన్నలు యాడికి పోయినాయో
కరణం చెప్పలేదు.
లెక్క నిజమని సాక్షి—
నాగలి.

ఆయన అక్కడే నిలబడి ఉంటాడు.
తొట్టి తెలుసు, ముంత తెలుసు,
వరసలో ఎవరి బిడ్డ ఎవరి చంకలో ఉందో తెలుసు.
అంకె తెలియదు.
యాడ వేయమంటే ఆడ వేసినాడు.
దున్నడం ఒకటే తెలిసిన గుర్తుతో
మున్నూరు మంది ఆకలిని దున్నేసినాడు.

ఈ కాగితం గురించి మా ఇంట్లో
ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

బడి వచ్చింది, సర్వధారిలో,
గొడ్ల చావిడిలో సగం.
ఇరవై ముగ్గురు పిల్లోళ్లు, ఒక అయ్యవారు.
తనిఖీకి వచ్చిన దొర రిపోర్టులో ఒక వాక్యం:
"వెనక ఒక వృద్ధుడు కూర్చుని ఉన్నాడు,
కారణం తెలియరాలేదు."

ఆఖరి పుట. వికృతి, మాఘం.
తొమ్మిదో వరస.
సు
పక్కన చోటు, ఊపిరి తీసుకున్నట్టు,
కి రడ్డి.
సున్న లేదు. ఎత్వం లేదు.
కాగితం చిరిగేటంత ఒత్తి రాసినాడు.
నమ్మకం లేకనేమో, చివర
మళ్లీ ఒక చిన్న నాగలి.

బయటికొచ్చి పెదనాయనకు ఫోను చేసినా.
మోరీ చెప్పినా, బడి చెప్పినా.
గంజి లెక్క కూడా చెప్పినా.
చానాసేపు మాట లేదు.
వెనకాల ఎవరో మోటారు ఆపుతున్న చప్పుడు.

"ఇంతకీ కలం ఏందని ఉంది?" అన్నాడు.
రాసిలేదన్నా.

"వెండిదేలే," అన్నాడు.
"మీ జేజి చెప్పిందే నిజమనుకో."