పిన్నీసు

పుదుపేటలో మిట్టమధ్యాహ్నం.
పాత హెరాల్డు డాష్‌బోర్డు కింద తల దూర్చి
హెడ్‌లైట్ల నాబ్‌తో కుస్తీ పడుతున్నాను.
తిప్పాను, గుంజాను,
ఇక కటింగ్ ప్లయరే గతి అనుకున్నాను.

"లాగబాక అబ్బయా, ఇరిగిపోద్ది"
అంది మునెమ్మ.
తడ నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా
ఈ సందులో బండ్లు విప్పుతున్న మనిషి.
జాకెట్టు పిన్నీసు తీసి నా చేతికిచ్చింది.

"మొత్తం ఇవతలికి రానీ.
ఇప్పుడు కింద తడుము.
చీమ దూరేంత బొక్క."

ఉంది.
ఇన్నేళ్లూ ఎవరి కంటా పడకుండా
నాబ్ కడుపున, బొడ్డులా.

పిన్నీసు మొన.
లోపలెక్కడో ఓ స్ప్రింగు తలొంచింది.
టిక్.
మాగిన నేరేడుపండులా
అరచేతిలో రాలింది.

ఒక పక్క గుంటగా అరిగింది.
ఎవరిదో బొటనవేలు,
రోజూ చీకటి పడే వేళకి
ఒకే చోట ఆనిన వేలు.
నాది అందులో పట్టలేదు.

తలెత్తి చూస్తే
ఎదుట దొంతరగా పేర్చిన కారు తలుపుల మీద
పట్టపగలు రెండు పసుపు మరకలు.
బ్యాటరీ విప్పడం మరిచాం.

"మరి ఆర్పేదెట్టా?"

మునెమ్మ పిన్నీసు పెట్టుకుంటూ అంది:
"పుల్ల మిగిలుందిగా, నెట్టు.
ఉండు, ఉండు...
కాసేపు ఎలగనీ."