జీను

ఖాదర్ వలీ దించి వెళ్ళిన జీను
మూడు రోజులుగా మా వరండాలో ఆరుతోంది.
ఆరడం కాదు, ఉప్పు పూస్తోంది.
కుట్టు వెంట తెల్లటి నూగు,
గోరుతో గీకితే రాలుతుంది, తెల్లారేసరికి మళ్ళీ వస్తుంది.

ఎంతమంది పిల్లలు దీని మీద కూర్చుని
సముద్రం వైపు చూడకుండా
నాన్న చేతిలో ఫోను వైపే చూసి నవ్వారో.
బీచ్ రోడ్డు గాలి మాత్రం
దీన్ని వదిలిపెట్టిన రోజు లేదు.

నాకు పరవాడలో ల్యాబు ఉద్యోగం.
తోలుకి పైపూత, ఊలుకి చిమెట పట్టని మందు,
పట్టుకి ముడత పడని మందు.
చేరిన కొత్తలో అయ్య అడిగాడు:
"ఏటి సేస్తావే అక్కడ?"
"చచ్చినదాన్ని కుళ్ళకుండా చూస్తాను" అన్నాను.
"ఓసోస్, దానికి కాలేజీ ఎందుకే, నానే నేర్పీసేవోడిని కదా"
అని నవ్వి
నవ్వుని మధ్యలో ఆపేశాడు.

ఆపేసిన చోట ఏముందో నాకు తెలుసు.
తంగేడు చెక్క నానిన తొట్టి,
మోచేతుల దాకా ఎర్రబారిన చేతులు,
అల్లిపురం బడిలో ముగ్గురు పట్టే బెంచీ,
దాని మీద నేనొక్కదాన్నే.

ల్యాబులో ఆ వాసనలన్నిటికీ పేర్లున్నాయి.
సల్ఫైడు. అమైను. ఫార్మిక్ ఆమ్లం.
పేరు పెట్టాక ఎవరూ ముక్కు మూసుకోరు.

తోలంటే మూడు పాయల జడ.
గొర్రెదైనా, గేదెదైనా, నా బుగ్గదైనా అదే అల్లిక.
వేడినీళ్ళలో వేస్తే ఒకచోట జడ విడిపోతుంది,
ముక్క గబుక్కున ముడుచుకుంటుంది.
ఆ అంకె రాసుకోవడమే నా పని.
తంగేడు తాగిన తోలు ఎనభై డిగ్రీలైనా తట్టుకోదు.
క్రోమియం తాగినది, నీలంగా,
నీళ్ళు మరుగుతున్నా అలాగే పడుకుని ఉంటుంది.
అయ్య ఎన్ని డిగ్రీల దగ్గర ముడుచుకున్నాడో
నేను ఏ రోజూ రాసుకోలేదు.

ఆదివారం సంచిలోంచి చిన్న సీసా తీశాను.
జీను మూల ఒకటి తుడిచి, పూసి, ఆరనిచ్చి
ఒక చుక్క నీళ్ళు వేశాను.
చుక్క నిలబడింది, గుండ్రంగా, పొగరుగా,
తోలుతో తనకేమీ చుట్టరికం లేనట్టు.
అయ్య వంగి చూశాడు. వేలితో తోశాడు.
అది జారి గచ్చు మీద పడి మామూలు నీళ్ళయింది.

"బాగుందే.
మరి లోపలికెల్లిపోయిన ఉప్పు ఎటెల్తాది?
గుర్రం సెమట ఎటెల్తాది?"

మా పరీక్షల్లో నీళ్ళు ఎప్పుడూ బయట్నుంచే వస్తాయి.

అయ్య జీనుని గోరువెచ్చటి నీళ్ళతో కడిగాడు,
పసిపిల్లకి తలంటినట్టు, చెవుల్లోకి పోకుండా.
కడిగిన నీళ్ళు నాలిక మీద వేసుకుని
ఇంకా ఉప్పగా ఉందని మళ్ళీ కడిగాడు.
నాలుగోసారికి ఊరుకున్నాడు.
నీడన రెండు పూటలు. తర్వాత కానుగ నూనె,
కాస్త మైనం, అరచేతి వేడి.

"పైన నీ మందు పుయ్యి," అన్నాడు,
"కింద, గుర్రం ఈపుకి తగిలేకాడ, నా నూనె సాలు."

నూనె తాగిన తోలు మీద నా పూత పట్టదు.
ఆ మాట చెప్పలేదు.
సీసా తీసి పైనంతా శ్రద్ధగా పూశాను,
అయ్య కళ్ళజోడు తుడుచుకుని చూస్తుంటే.

ఖాదర్ వలీ సాయంత్రం వచ్చి
జీనుని భుజానేసుకుని వెళ్ళాడు.
నూటయాభై ఇచ్చాడు, మిగతాది వచ్చే వారమన్నాడు.
వచ్చే వారం వానలు.

సోమవారం ల్యాబులో చేతి తొడుగులు తీయగానే
పక్క బల్ల దగ్గర సుధేష్ణ తలెత్తింది.
"ఏదో వాసన. కొత్త శాంపిలా?"
"మా అయ్య," అన్నాను.

రిజిస్టరు తెరిచి ఉంది.
ఏ గడిలో రాయాలో తోచక
పెన్నుకి మూత పెట్టింది.