జీడి మరక

కరెంటు పోయింది. బాయిలరు ఊపిరి దిగబెట్టింది.
కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో రాత్రి పదకొండు.
గోనె మీద నా పేక పరిచాను,
పణజి పడవ దిగి వస్తూ
నేను వెంట తెచ్చుకున్న ఒకే ఒక్క ఆస్తి.

"ఇరవై ఒకటి. దాటకుండా దగ్గరికెళ్ళాలి. అదే ఆట."
"అంతేనేటి?" అంది బృందావతక్క
ఆముదం చేతులు మోకాళ్ళకి రాసుకుంటూ.

పందెం జీడిబద్దలు.
పోలీసులొస్తే నమిలేద్దారి అన్నాడు కూర్మయ్య,
సాక్ష్యం కడుపులో ఉంటాది.

రాజూ రాణీ జాకీ అందరూ పదే,
ఇక్కడ కిరీటానికి విడిగా కూలి లేదు.
ఆసు మాత్రం ఒకటీ అవుతుంది, పదకొండూ అవుతుంది,
మా మేస్త్రీలాగే:
సేటు ముందు ఒకటి, మా ముందు పదకొండు.

మీకు రెండు ముక్కలు. నాకూ రెండు,
ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.
మీ చేతిని చూసి మురవకండి, నాలో కనపడేదాన్ని చూడండి.
నా ముందు ఐదో ఆరో ఉంటే
పన్నెండు దగ్గరైనా చేతులు కట్టుకు కూర్చోండి,
పగిలే గండం నాది.
పది కనపడిందా,
భయపడుతూనే అడగండి, పదిహేడు దాకా.
పదకొండొస్తే పందెం రెట్టించండి.
ఆసుల జంటనీ ఎనిమిదుల జంటనీ విడదీయండి.
రెండెనిమిదులు కలిసుంటే పదహారు,
పదహారంత పాడు అంకె లేదు.
నేను ఆసు చూపించి బీమా కట్టమంటే
కట్టకండి.
ఆరేళ్ళు అదే అమ్మాను, నవ్వుతూ.

"పగలడమంటే?"

కత్తి మిషను కాలితో తొక్కుతావు కదక్కా,
ఒత్తిడి చాలకపోతే పిక్క విడదు,
రవ్వంత ఎక్కువైతే
గుండు కాస్తా...
"బద్ద," అందామె. "బద్దకి కూలి కోత.
తెలిసింది, కానియ్."

కొవ్వొత్తి సగమైంది.
"మరి నువ్వు? నీకెలగ తోస్తే అలగ ఆడతావా?"
నాకు తోచడం ఉండదు.
పదహారైతే తీయాలి, పదిహేడైతే ఆగాలి.
ఆరేళ్ళూ ఆ బల్ల వెనక
నేను ఆలోచించింది లేదు,
కాలికింద సముద్రం ఉందని కూడా.

"ఆలోసన మాకే ఒగ్గేస్తే
సేటెలగ బతుకుతాడ్రా?"

చెప్పడానికి కొంచెం సేపు పట్టింది.
ముందు మీ వంతు, అన్నాను.
మీరు పగిలితే మీ బద్దలు అప్పుడే లాగేస్తాను.
తర్వాత నేనూ పగలొచ్చు.
పగిలినా
మీవి తిరిగి రావు.

ఎవరూ మాట్లాడలేదు.
దాలమ్మ ఒక్కత్తీ నా కుప్పలో చెయ్యి పెట్టి
తను ఓడిన బద్దని తీసుకుని
నెమ్మదిగా తినేసింది.

మూడో రాత్రికి సంగతి బయటపడింది.
ఆముదాన్ని దాటి చర్మంలో ఇంకిన జీడి నూనె
ముక్క ముక్క వీపునా గుర్తు పెట్టేసింది.
ఇస్పేటు ఆసు మీద బృందావతక్క బొటనవేలు,
ఆఠీను తొమ్మిది అంచున దాలమ్మ చిటికెన గోరు,
కూర్మయ్యదైతే అరచేయంతా.
పడవ మీద రోజుకో కొత్త పేక విప్పేవాణ్ణి,
నా వేళ్ళ జాడ ఒక్క ముక్కకీ అంటలేదు.

నా ముందు పది. అక్క చేతిలో పదహారు.
నేను నేర్పిన లెక్కలో అడగాలి.
ఆమె అడగలేదు.
బోర్లా పడుకున్న నా ముక్కని
గుండూ బద్దా ఏరే కళ్ళతో చూసింది.

"నీ కింద ఆరుంది దండాసీ.
నాను ఆగాను. నువ్వు తియ్యి.
తియ్యాలి కదా."

తిప్పి చూశాను. కళావరు ఆరు.
కట్ట మీదికి చెయ్యి చాచాను.
పై ముక్క మీద కూడా ఉందొక మరక,
నల్లగా, వంకరగా.
కొవ్వొత్తి దగ్గరికి లాక్కుని చూస్తే
అది నా వేలిదే.