హైదె

ఆ రాత్రి రికార్డులో నేను రాసిన వాక్యం:
"తల్లికి తగిన ప్రోత్సాహం ఇవ్వబడినది."
రసేమా కళ్లజోడు నుదుటి మీదికి తోసి
రెండుసార్లు చదివింది.
"ఎవరిచ్చారమ్మా? పొట్లం కట్టి ఇచ్చారా?"

ట్రావ్నిక్ ఆసుపత్రిలో అది నేను చూసిన మొదటి కాన్పు.
బయట లాష్వా నది మీద మంచు కురుస్తోంది.
లోపల ఫిక్రెతా, రొట్టెల దుకాణంలో పిల్ల,
మంచం కమ్మీ పట్టుకుని
నా వల్ల కాదు, ఇంటికి పోతానంటోంది,
చెప్పుల కోసం కాలితో వెతుకుతోంది కూడా.
రసేమా బతిమాలలేదు, ధైర్యం చెప్పలేదు.
హైదె, అంది.

మొదట మెల్లగా, పిల్లిని పాలకి పిలిచినట్టు.
తర్వాత, ఎత్తెక్కలేని కట్టెల బండి గుర్రాన్ని అదిలించినట్టు.
ఆ తర్వాత పళ్ల సందుల్లోంచి,
నొప్పులు తనకే వస్తున్నట్టు.
నలభై దాకా లెక్కపెట్టాను.
ఆపైన ఏడుపు వినబడింది, లెక్క తప్పింది.

తెల్లారి కాఫీ దగ్గర అడిగాను,
పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను కదా,
అసలు ఈ మాటకి అర్థమేమిటని.
చక్కెర పలుకు అంచు కాఫీలో ముంచి కొరికిందామె.
"మా ఆయన నన్నడిగితే మా నాన్న అన్నదీ ఇదే.
అప్పుడది 'పోనీ'.
గొర్రెలు కొండ దిగనప్పుడు 'పదండి'.
పక్కింటి జుమ్రా గొప్పలకి పోతే 'ఊరుకోవే'.
రాత్రి ఆ పిల్లతో అన్నది 'కానియ్, కానియ్'.
ఇంక నీ కాఫీ చల్లారిపోతోంది. హైదె."

నా వాక్యం కొట్టేసి ఆ ఒక్క మాట రాశాను.
పెద్ద డాక్టరు ఎర్రసిరాతో చుట్టూ గీసి
ఇది వైద్యపదం కాదన్నాడు.

ఫిక్రెతా కూతురికిప్పుడు ఏడేళ్లు.
మా వీధి వాలులో తమ్ముణ్ణి స్లెడ్జి మీద కూర్చోబెట్టి
వెనకనుంచి ఆ మాటతోనే తోస్తుంది.
వాడు ఏడుస్తూనే జారతాడు.

రసేమా రిటైరైంది. మోకాళ్లు మాట వినవు.
టమాటా నారు గురించి ఫోన్ చేస్తుంది,
నారు సంగతి రెండు నిమిషాల్లో అయిపోతుంది.
మా వైపు ఫోన్ పెట్టేసే ముందూ ఆ మాటే.
హైదె, అంటుంది తను.
హైదె మరి, అంటాను నేను.
హైదె, హైదె.
ఇద్దరం పెట్టెయ్యం.
అవతల పొయ్యి మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు,
ఎవరో ఒకరు లేవాలి కదా.
హైదె.