లాగ్ పుస్తకంలో తెల్ల గడులు

గార సబ్‌స్టేషన్‌లో రాత్రి డ్యూటీ.
గంటకోసారి లేచి మీటర్లు చూసి
గడిలో అంకె వెయ్యడం నా ఉద్యోగం.
రెండు అంకెల మధ్య దొరికే యాభై నిమిషాల్లో
పాత లాగ్ పుస్తకాల వెనక పేజీల మీద
నవల రాస్తున్నాను.

"ఏ ఊరి కతది బావూ?"
లైన్‌మన్ అసిరయ్య అడిగాడు, బీడీ ఆర్పకుండానే.
బ్రిటన్, అన్నాను. పదిహేను వందల ఏళ్ళ కిందటిది.
"తెల్లోలు మనల్ని ఏలినప్పుడా?"
కాదు. తెల్లోళ్ళని ఇంకొకళ్ళు ఏలి
ఒగ్గేసి పోయినప్పుడు.

అప్పుడతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

చెప్పాను:
రోము నుంచి వచ్చినవాళ్ళు రాతి బాటలు వేశారు,
వేడినీళ్ళ స్నానశాలలు కట్టారు,
ఉత్తరాన గుట్టల మీదుగా ఒక గోడ.
ఒకనాడు సైన్యం ఓడలెక్కింది.
గోడ మీద మిగిలిన కాపలావాడికి
జీతం రావడం మానేసింది.
ఆపైన రెండు వందల ఏళ్ళు
ఎవరూ సరిగా ఏమీ రాయలేదు.
నిజం చెప్పొద్దూ,
నాకు నచ్చింది ఆ రాయకపోవడమే.

మనకి ముఖలింగంలో రాళ్ళున్నాయి.
ఎవరు ఏ దీపానికి ఏమిచ్చారో చెక్కేసి ఉంది.
లెక్క సరిపోయిన చోట నాకేం పని?
గడులు ఖాళీగా ఉన్న చోటే
ఒక అమ్మాయి మేకల్ని తోలుకుంటూ
కప్పు కూలిన స్నానశాలలోకి రాగలదు,
ఆ కమాను ఎలా నిలబడిందో చెప్పేవాడు
ఊళ్ళో ఒక్కడూ లేని కాలంలో.

పేరు నెస్త్. అక్కడి పేరే.
అసిరయ్య నోట రెండో రాత్రికి నేస్తం అయిపోయింది.
నేను దిద్దలేదు.

మంచు నేను చూడలేదు.
నా సాక్సన్ల పడవలు కళింగపట్నం తెప్పల్లా
కెరటం విరిగే చోట ఓరగా తిరిగి ఒడ్డెక్కుతాయి.
వాళ్ళ గుడిసెల్లో పొగకి ఎండునెత్తళ్ళ వాసన.
శాలిహుండం కొండెక్కి
ఆ గుండ్రటి ఇటుక వరసల పక్కన కూచుని
గోడ అధ్యాయం మొత్తం రాశాను.
కింద వంశధార.
సముద్రంలో కలిసే ముందు తెగ బద్ధకం దానికి.

కొత్తగా దిగినవాళ్ళు ఒక నదిని చూపించి
దీని పేరేమిటని అడిగారట.
ఏరు, అన్నారట ఊరివాళ్ళు తమ భాషలో.
అదే పేరనుకున్నారట.
ఇవాళ్టికీ దాని పేరు ఏరు ఏరే.
ఇచ్ఛాపురం సంతలో ఒడియాకీ తెలుక్కీ మధ్య
వంకాయల బేరం నలిగినప్పుడల్లా
నాకిది గుర్తొస్తుంది.
నవ్వొస్తుంది, తర్వాత కొంచెం భయం.

"మరి ఆ కాపలావోడు ఏటి సేసినాడు,
జీతం రాకపోతే?"
ఇంకా తేలలేదన్నాను.
కత్తి దూయించాను, ఏడిపించాను, తాగించాను.
తొమ్మిది పేజీలు కొట్టేశాను.

అసిరయ్య చాలాసేపు బ్రేకర్ల వైపు చూశాడు.
"తుపానేడు పదకొండు రోజులు లైను నేదు కదా.
కంబాలన్నీ సేలల్లో తొంగున్నాయి.
ఏటిగట్టు ఊళ్ళోలు రోజూ వొచ్చి అడిగీవోరు,
ఎప్పుడొస్తాదని.
రేపు, అన్నాను.
తీగ నేదు, పైనుంచి కబురు నేదు.
పదకొండు రోజులూ అదే మాట.
సివరికి నానే నమ్మీసినాను బావూ.
సెక్షనాఫీసు తలుపు తీసి
దీపం ఎట్టుకుని కూకున్నాను,
ఎవులైనా వొస్తారని."

ఆ పదకొండు రోజుల పుస్తకం నా బీరువాలోనే ఉంది.
మొదటి రోజు సున్నాలు.
రెండో రోజూ సున్నాలు.
మూడో రోజు నుంచి తెల్ల గడులు,
ఒక మూల టీ గ్లాసు మరక.
డ్యూటీలో ఉన్నది నేనే.
ఎందుకు రాయలేదంటే ఇప్పుడు చెప్పలేను.

నాలుగు గంటలు. లేచి అంకె వేశాను.
అసిరయ్య బల్ల మీద గురక పెడుతున్నాడు.
పుస్తకం తిరగేసి వెనక పేజీ తీశాను.

గోడ మీద చలి.
కింద ఊరివాళ్ళు నలుగురు, మేకలతో నెస్త్.
ఓడ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.
కాపలావాడు దివిటీ ఎత్తి
ఒక్కొక్కరి ముఖమూ చూసి
మా యాసలోనే అన్నాడు:

రేపొచ్చెస్తాది.